అధిక మాసంలో హ్వాజా బట్టలు

బోంగ్‌హ్వా
2001 జనవరి 28

మరదలు మాల్జాకు,

కొత్త ఏడు పూజలు అయ్యాయి. చలి తగ్గలేదు. బావి దగ్గర గొట్టం రెండుసార్లు పగిలింది. మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయండి.

విషయం ఇది. మా ఇంటి వెనక కొండ మీదుగా హైవే వేస్తున్నారు. వంశం సమాధులు పన్నెండు తీసి వేరే చోటికి మార్చాలి. అందులో మీ అక్క హ్వాజాది ఒకటి. ఈ ఏడు అధిక మాసం వచ్చింది. నాలుగో నెల రెండుసార్లు వస్తుంది. ఆ నెలలో ఏ దేవతా ఏ దయ్యమూ పనిలో ఉండదు కాబట్టి సమాధి కదిపినా దోషం లేదని పెద్దలు జూన్‌కి ముహూర్తం పెట్టారు. అన్నిటికంటే పాతది మాత్రం సున్నపు గోడల సమాధి. పగలగొట్టడానికి రోజులు పడుతుంది. దాన్ని ఏప్రిల్‌లోనే తెరుస్తారు.

సమాధి మార్చేటప్పుడు కొత్త బట్ట వేస్తారు. ఆ సంగతి మీకు తెలుసు.

ఆస్పత్రిలో హ్వాజా ఒక మాట అంది. పోయాక అందరికీ చుట్టే నారబట్ట వద్దు, నీలం గౌను వెయ్యండి అంది. తొంభై ఆరులో అది జరగలేదు. ఆ గౌను మీరు కుట్టింది కాబట్టి మీ దగ్గరే ఉంచుకున్నారని అనుకుంటున్నాను. ఉంటే పంపండి.

ఫోన్ చేద్దామనుకున్నాను. రెండుసార్లు నంబరు తిప్పి పెట్టేశాను.

మీ బావ
సంగ్‌దొక్

*

దేగు
ఫిబ్రవరి 6

బావగారికి,

మా అక్క పోయిన నాలుగేళ్ల మూడు నెలలకి మీ దగ్గర్నుంచి ఒక ఉత్తరం. కవరు మీద చేతిరాత చూసి ఎవరో మళ్లీ పోయారేమో అనుకున్నా. నా మోకాళ్లకేం, బానే ఉన్నాయి. మీ జ్ఞాపకశక్తికే ఏదైనా మందు వాడాలి.

ఆ గౌను నా దగ్గరెలా ఉంటుంది? అక్క పోయిన రోజు సాయంత్రం మూటగట్టి తెచ్చి మీ వాకిట్లో మీ అక్కగారి చేతిలో పెట్టాను. "మా అక్క ఇది అడిగింది, తెర వెనక స్నానం చేయించేది మీరే కదా, మీరే వెయ్యండి" అన్నాను. "చూద్దాంలే" అని లోపలికి పట్టుకెళ్లింది. ఆవిడ చూసిందేమిటో మూడో రోజున నేనూ చూశాను. మీ పెరట్లో అక్క బట్టలు కాలుస్తున్నారు. మంటలో నీలం గుడ్డ ముడుచుకుపోయింది. కర్రతో మంట ఎగదోస్తున్న మనిషి మీరు.

కాల్చినాయనే ఇప్పుడు "ఉంటే పంపండి" అని రాస్తున్నారు. మా బజారులో దీన్ని ఏమంటారో రాస్తే పద్నాలుగు తరాల మీ పెద్దింటి గౌరవం పోతుంది.

తద్దినాల తేదీలు తప్ప మీకేవీ గుర్తుండవు కాబట్టి గౌను కథ కూడా నేనే గుర్తుచేస్తాను. డెబ్భై మూడో సంవత్సరం. నాకు పందొమ్మిదేళ్లు, దర్జీ కొట్లో బొత్తాలు కుట్టే పని. మిగిలిపోయిన పాలిస్టర్ గుడ్డతో నా చేత్తో కుట్టిన మొదటి గౌను అది. మోకాలికి ఇరవై సెంటీమీటర్లు పైకి కుట్టాను. అప్పట్లో పదిహేడు దాటితే నేరం. అక్క వేసుకున్న రోజే చౌరస్తాలో పోలీసు ఆపాడు, మోకాటి దగ్గర కూర్చుని స్కేలు పెట్టాడు. "గట్టిగా పట్టుకోండి సార్, స్కేలు వణుకుతోంది" అంది అక్క. జనం గొల్లున నవ్వారు. ఆ గుంపులోంచి ఒక కాలేజీ అబ్బాయి వచ్చి తన వానకోటు విప్పి అక్క నడుముకి చుట్టాడు. మీరే. ఆ కథ మీరు పెళ్లి కథలా అందరికీ చెప్పుకునేవారు. అక్క ఆ రాత్రి నాతో ఏమందో మీకు తెలీదు. "కోటైతే ఇచ్చాడు గానీ మాల్జా, పోలీసుతో ఒక్క మాట అనలేదు" అంది.

గౌను లేదు. మీరు కాల్చారు.

మాల్జా

*

బోంగ్‌హ్వా
ఫిబ్రవరి 14

మరదలు మాల్జాకు,

మీ ఉత్తరం అందింది.

బట్టలు నేను కాల్చాననేది నిజం. ఏది ఏ రంగో చూడలేదు. మంట వైపు చూడలేదు. మీరు గౌను తెచ్చారన్న సంగతి మీ ఉత్తరం చదివాకే తెలిసింది.

మా అక్కని అడిగాను. ఆమె విధవ అయి ఇక్కడికి వచ్చాక వంటిల్లు ఆమెదే. ముల్లంగి తరుగుతోంది.

"హ్వాజా చెల్లెలు గౌను తెచ్చి నీకిచ్చిందా?" అన్నాను.

"ఇప్పుడా సంగతెందుకురా?"

"ఇచ్చిందా?"

"ఇచ్చింది. తీసుకున్నాను. అంతే."

కత్తి ఆగలేదు. నేనింకేమీ అడగలేదు. కాబట్టి మిగతా బట్టలతో పాటు కాలిపోయిందనే అనుకోవాలి.

ఆ రోజు సంగతి మీకు చెప్పాల్సింది ఒకటి ఉంది. నేను వాకిట్లో వచ్చినవాళ్లకి నమస్కారాలు పెడుతున్నాను. బాబాయి నా దగ్గరికి వచ్చి "నార సిద్ధమేనా?" అని అడిగాడు. ఆయన వంశంలో వయసుకి అందరికన్నా పెద్ద, ఎనభై నాలుగేళ్లు ఇప్పుడు. నేను "సిద్ధమే" అన్నాను. హ్వాజా అడిగింది నాకు గుర్తుంది. గుర్తుండే ఆ మాట అన్నాను.

పోలీసు సంగతి. నాకు అప్పుడు ఇరవై ఐదేళ్లు. జుట్టు చెవుల మీదికి ఉంది. పొడుగు జుట్టు మగవాళ్లనీ ఆ రోజుల్లో పట్టుకుని కత్తిరించేవాళ్లు. ఇది సాకు అని మీరనవచ్చు.

మరొక గౌను కుట్టగలరా?

సంగ్‌దొక్

*

దేగు
ఫిబ్రవరి 26

బావగారికి,

అంతేనా? "అంతే" అంటే మీరు వెనక్కి తిరిగి వచ్చేశారా? ముల్లంగి తరిగే ఆడమనిషికి కూడా భయపడతారన్నమాట.

నాకు నమ్మకం లేదు. ఆ ఇంట్లో వంశానికి పెద్దకొడుకైన పెద్దింటివాడికి తెలియకుండా పిల్లి కూడా పాలు తాగదు. ఏ తద్దినానికి బేరిపండు ఎటుపక్క పెట్టాలో చెప్పగలిగిన మనిషికి పెళ్లాం గౌను ఎటు పోయిందో తెలీదంటే ఎవరు నమ్ముతారు?

మీకు తెలిసి కూడా తెలియని ఇంకో సంగతి చెప్తాను. డెబ్భై తొమ్మిదిలో అధిక మాసం వచ్చింది. శవం బట్టలు అధిక మాసంలో కుట్టించుకుంటే ఆయుష్షు పెరుగుతుందని మీ అమ్మగారు తనకి కుట్టించుకున్నారు. గుడ్డ మిగిలింది. మిగిలిన గుడ్డతో కోడలికీ కుట్టేశారు. కోడలికప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. "పిల్లలు పుట్టలేదు కదా, కనీసం ఆయుష్షైనా పెరగనీ" అన్నారట. నవ్వుతూనే అన్నారట. ప్రతి ఏడూ వానలు వెళ్లాక ఆ పెట్టె తీసి, నార ఎండేసి, పురుగు మందు పెట్టి మడిచేది మా అక్కే. పదిహేడేళ్లు తన శవం బట్టలు తనే ఎండేసుకుంది. నేనొకసారి వచ్చినప్పుడు తీగ మీద అది చూసి, "ఏంటే ఇది, గోనెసంచుల వ్యాపారం పెట్టావా?" అన్నాను. "కొలత చూడు, సరిగ్గా సరిపోతుంది" అంది.

కాబట్టి నేను కుట్టను. నేను కుట్టి పంపితే మీరు దాన్ని బీరువాలో పెట్టి బాబాయిగారి మొహం చూస్తూ కూర్చుంటారు. ముందు ఆయన దగ్గరికి వెళ్లి, నోరు తెరిచి, "మా ఆవిడకి నార వద్దు" అనండి. అన్న రోజు రాయండి.

కొట్లో పని లేదు. పెళ్లికూతుళ్లు తెల్ల గౌన్లు అద్దెకి తెచ్చుకుంటున్నారు. మన బట్టలు ఐదు నిమిషాల నమస్కారానికి మాత్రమే కావాలట, అవీ అద్దెకే.

మాల్జా

*

బోంగ్‌హ్వా
ఏప్రిల్ 8

మరదలు మాల్జాకు,

ఆలస్యమైంది. బాబాయి ఇంటికి మూడుసార్లు వెళ్లాను. సమాధుల వరుస గురించి మాట్లాడి వచ్చాను. మీరు చెప్పింది ఇంకా అనలేదు.

ఇప్పుడు వేరే చిక్కు వచ్చింది. మీరు బట్టల మనిషి కాబట్టి అడుగుతున్నాను.

ఐదో తేదీన పాత సమాధి తెరిచారు. పక్కపక్కన రెండు గుట్టలు, మా పద్నాలుగో తరం తాతదీ నానమ్మదీ. నాలుగు వందల ఏళ్ల నాటివి. తాతది మామూలు మట్టి, ఏమీ మిగల్లేదు. నానమ్మది సున్నంతో బిగించింది. లోపలికి గాలి పోలేదు. పెట్టె మూత తీస్తే బట్టలు మడత నలగకుండా ఉన్నాయి. రంగు మాత్రం టీ రంగుకి తిరిగింది.

పైన ఉన్నది ఒక పెద్ద చొక్కా. వెడల్పు చేతులు, తుంటి దాటిన పొడవు. బాబాయి దాన్ని చూసి ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"ఇది మగవాడి చొక్కా" అన్నాడు.

"ఈ గుట్ట నానమ్మది కదా" అన్నాను.

"అదే అంటున్నాను. ఆడదాని రవికె జానెడుంటుంది. ఇది చూడు. గుట్టలు తారుమారయ్యాయి."

తర్వాత ఆయన గడ్డి మీద కూర్చుండిపోయాడు. నాలుగు వందల ఏళ్లుగా తాత గిన్నె నానమ్మకి, నానమ్మ గిన్నె తాతకి పెట్టామని ఏడ్చాడు. ఇంకొకాయన "అందుకే మా వాడు పరీక్ష మూడుసార్లు తప్పాడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సాయంత్రానికి క్షమాపణ పూజలో చదివే పత్రం రాయమని నాకు చెప్పారు. రెండు రాత్రులుగా రాస్తున్నాను. తాతనూ నానమ్మనూ ఏమని క్షమించమనాలో తెలియడం లేదు.

విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చేదాకా ఏదీ కదపకూడదన్నారు. ఆ చొక్కా ఎవరిదో చెప్పే గుర్తు ఏమైనా ఉంటుందా?

సంగ్‌దొక్

*

దేగు
ఏప్రిల్ 12

బావగారికి,

మీ ఉత్తరం చదివి కొట్లో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. పక్క కొట్టు కర్టెన్లావిడ తొంగిచూసి "ఏంటి, పారిపోయిన మొగుడు తిరిగొచ్చాడా?" అంది. "కాదు, నాలుగొందల ఏళ్ల ముసలమ్మకి మీసాలు మొలిపించారు" అన్నాను.

అంతమంది పెద్దమనుషులు, ఒక్కరికీ రవికె సంగతి తెలీదు. పద్యాలు నేర్పిన బళ్లో ఇది నేర్పలేదు కాబోలు. ఆ చొక్కా చంక కింద చూడమనండి. అక్కడ వేరే రంగు ముక్క అతికి ఉంటే అది ఆడమనిషిది. మీ నానమ్మ రవికే అది.

ఆ కాలంలో ఆడవాళ్ల రవికె అంతే ఉండేది బావగారూ. మగాళ్లదెంత వెడల్పో వాళ్లదీ అంతే. తుంటి కప్పేది. చెయ్యెత్తి అటక మీది పాత్ర దించుకోవచ్చు, కడుపునిండా ఊపిరి పీల్చుకోవచ్చు. తర్వాత ఎవరికి బుద్ధి పుట్టిందో, తరగడం మొదలైంది. ఆవిడ మనవరాలి మనవరాలి నాటికి నడుముకొచ్చింది. అక్కడా ఆగలేదు. నూట యాభై ఏళ్ల కిందటికి మీ బాబాయిగారు చెప్పే ఆ జానెడు. రొమ్ములు కూడా కప్పదు, అందుకని వాటి మీద ఒక పట్టీ చుట్టి బిగించేవాళ్లు. చేతులు ఎంత బిగుతంటే, విప్పాలంటే కొందరికి కుట్లు కోయాల్సి వచ్చేదని నాకు పని నేర్పిన ముసలావిడ చెప్పేది. పైన అంత పీక నొక్కి, కింద మాత్రం లంగా మీద లంగా, బుట్టలా. పైగా వీధిలోకెళ్తే నెత్తి మీంచి ఇంకో కోటు, కళ్లొక్కటే కనిపించేలా.

మా అమ్మమ్మ చిన్నప్పుడు మిషనరీ బళ్లో లంగాకి భుజాల పట్టీలు కుట్టించి రొమ్ము పట్టీ తీయించేశారు. మొదటి రోజు ఊపిరి ఎక్కువై కళ్లు తిరిగి పడిపోయానని చెప్పేది. రవికె మళ్లీ కాస్త కిందికి దిగింది, లంగా కాస్త పైకి లేచింది. వీధిలో పిల్ల పిక్కలు కనపడితే తాతయ్య వారం రోజులు అన్నం మానేశాడట. తర్వాత యుద్ధం. అప్పట్లో మనల్నేలే జపాను వాళ్లు సంచుల్లాంటి ప్యాంట్లు తొడిగించారు, లంగా కడితే బస్సు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. అదే తాతయ్య అప్పుడు "ఆడదానికి లంగానే అందం" అని ఏడ్చాడట. మా అమ్మకి నైలాన్ వచ్చింది. ఉతికితే గంటలో ఆరేది గానీ, పొయ్యి దగ్గరికి వెళ్లాలంటే భయం. మాకు గౌన్లు, గౌన్లకి స్కేళ్లు.

ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల కొలతలు తీస్తున్నాను. పెరిగినప్పుడూ తరిగినప్పుడూ ఎవడో ఒక పెద్దాయన నిలబడి "అనాదిగా ఇంతే" అన్నాడు. ఆ అనాది ఎప్పుడూ వాళ్లమ్మ కాలం దాటి వెనక్కి పోదు.

క్షమాపణ పూజ ఆపండి. ముసలమ్మ నవ్వుకుంటుంది.

మాల్జా

తా.క. కోపం పోయిందనుకోకండి. నవ్వొచ్చింది, అంతే.

*

బోంగ్‌హ్వా
ఏప్రిల్ 29

మరదలు మాల్జాకు,

చంక కింద ముక్క ఉంది. ముదురు రంగు, వేరే పట్టు. నేనే చూపించాను. ఎలా తెలుసని బాబాయి అడిగాడు. మా మరదలు చెప్పిందన్నాను. "ఆ దర్జీ పిల్లా?" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపటికి "తెలివైంది" అన్నాడు.

ఇరవయ్యో తేదీన విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసర్ తాక్ వచ్చింది. మీ వయసు ఉంటుంది. చొక్కా కింద లంగాలు మూడు, రవికెలు ఐదు, ఒక పట్టు పైకోటు తీసింది. అన్నీ ఆవిడ బతికుండగా కట్టుకున్నవే. మోచేతుల దగ్గర అరిగి ఉన్నాయి. ఒకదాని మెడ మీద అన్నం మెతుకు గంజి మరక.

బాబాయి అడిగాడు: "శవానికి కట్టిన నార ఏదమ్మా?"

"నార లేదండీ" అంది. "ఈ కాలం సమాధులు చాలా తెరిచాను. ఎవరికున్న మంచి బట్టలు వాళ్లకి వేసి పంపేవారు. పెళ్లినాటి పట్టు కూడా. అందరికీ నారే కట్టడం జపాను పాలనలో పొదుపు నియమాలప్పుడు బలపడిందని మా లెక్క. డెబ్భై ఏళ్లు కూడా కాలేదు."

"అయితే మా అమ్మకి నేను కట్టింది..." అని బాబాయి ఆగాడు. తర్వాత కర్ర తీసుకుని ఒక్కడే కొండ దిగాడు. వెంట వస్తానంటే వద్దన్నాడు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. పద్నాలుగో తరం నానమ్మ కట్టుకున్నదాన్ని కొత్త పోకడ అని ఎవరూ అనలేరు. గౌనైతే ఒప్పుకోరు. అదే నమూనాలో పట్టు రవికె అయితే వాళ్లకి అడ్డు చెప్పే దారి లేదు. ప్రొఫెసర్ కొలతల బొమ్మ గీసి ఇచ్చింది. దీనితో పంపుతున్నాను. కుట్టగలరా?

సంగ్‌దొక్

*

దేగు
మే 7

బావగారికి,

బొమ్మ అందింది. మూడు రోజులు గోడకి అంటించి చూశాను. ఎంత తెలివైన కత్తిరింపో. ఒక్క పీలిక వృథా కాదు.

కుడతాను. మీ కోసం కాదు, ఆ ముసలమ్మ కోసం. ఆవిడ రవికె చేతుల్లో మా అక్క చేతులు పడతాయని.

కానీ ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోండి. అక్క అడిగింది పట్టు రవికె కాదు. గౌను అడిగింది. మీరు మళ్లీ చాటు వెతుక్కున్నారు. అప్పుడు వానకోటు, ఇప్పుడు నాలుగొందల ఏళ్ల నానమ్మ లంగా. "వాళ్లు ఒప్పుకోరు, వాళ్లకి దారి లేదు" అని ఎంత చక్కగా లెక్క వేశారు. లెక్కల మాస్టారు కదా. ఆ లెక్కలో "నాకు కావాలి" అన్న మాట ఎక్కడుందో వెతికాను. దొరకలేదు.

కొలతలు పంపండి. నా దగ్గరున్నవి డెబ్భై మూడు నాటివి. సమాధిలో కొలతెవరు చూస్తారని మీరనుకుంటారు. నాకు కావాలి.

మాల్జా

*

బోంగ్‌హ్వా
మే 16

మరదలు మాల్జాకు,

కొలతలు నాకు తెలియవు. పక్కన నిలబడితే నా చెవి దాకా వచ్చేది. నాకు తెలిసింది అదొక్కటే.

అక్కని అడిగాను. భుజం ముప్పై ఏడు, చెయ్యి యాభై ఒకటి, ఛాతీ డెబ్భై ఎనిమిది అని వెంటనే చెప్పింది. చివరికి బాగా తగ్గిపోయింది అంది. ఇవన్నీ నీకెలా గుర్తున్నాయన్నాను. పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్లింది. పొయ్యి వెలిగించి లేదు.

నా మీద మీరు రాసింది చదివాను. 

సంగ్‌దొక్

*

దేగు
జూన్ 3

బావగారికి,

పొట్లం పంపుతున్నాను. లేత ఆకుపచ్చ పట్టు, చంక కింద ముదురు ఎరుపు. మిషను తగలనివ్వలేదు, అంతా చేతి కుట్టే. మీ అక్కగారు చెప్పిన కొలతలు చూసి ఒక పూట పని ఆపేశాను. ఛాతీ డెబ్భై ఎనిమిదా? పన్నెండేళ్ల పిల్ల కొలత అది. ఆస్పత్రిలో దుప్పటి కింద నాకు అంత తెలియలేదు.

తొమ్మిదో తేదీకి రమ్మని మీ అక్కగారు ఫోన్ చేసింది. నేను రాను. ఎవరైనా "ఇదేంటి, నార ఏది?" అంటారు. మీరు మాట్లాడకుండా నిలబడతారు. అది రెండోసారి చూసే ఓపిక నాకు లేదు.

మడతలు విప్పేటప్పుడు చేతులు కడుక్కోండి. పట్టుకి చెమట మరక పడుతుంది.

మాల్జా

*

బోంగ్‌హ్వా
జూన్ 11

మరదలు మాల్జాకు,

శనివారం పని అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం తొమ్మిదింటికి తవ్వడం మొదలుపెట్టారు. మబ్బుగా ఉంది, వాన రాలేదు. గోతి చుట్టూ పందొమ్మిది మందిమి. మీ పొట్లం నా చేతిలో ఉంది. బాబాయికి దాని గురించి ముందు చెప్పలేదు. కింద నుంచి మెట్లు ఎక్కుతున్నంతసేపూ ఏం చెప్పాలో మనసులో కట్టుకున్నాను. పద్నాలుగో తరం నానమ్మ, ప్రొఫెసర్ మాట, డెబ్భై ఏళ్లు. అన్నీ వరుసగా.

పదింటికి తవ్వేవాడు పార పక్కన పెట్టి చేతులతో మట్టి తీశాడు. నార చాలావరకు మట్టయిపోయింది. అది తొలగిస్తే కింద నీలం కనిపించింది. అతను ఆగి పైకి చూశాడు.

"అయ్యా, లోపల గౌనుంది."

మీరు కుట్టిందే. రంగు పోలేదు. ముందు ఆరు తెల్ల బొత్తాలు, అన్నీ పెట్టి ఉన్నాయి. మిగతా దాని గురించి రాయను.

అక్క నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. అడగకముందే చెప్పింది.

"నేనే వేశాను. నేనూ పిన్నీ, తెర వెనక. పైన నార చుట్టాం. గౌను వెనక వదులైతే కుట్టేసి బిగించాను. ఏం చేసినా నిలవలేదు, అంత సన్నబడింది."

మంటలో మీరు చూసిన నీలం గుడ్డ ఏమిటని అక్కని అడిగాను. హ్వాజా వంటింటి ఏప్రన్ అట.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"వాకిట్లో నువ్వు నార సిద్ధమే అన్నావు. లోపలికి వినిపించింది. పెద్దింటివాడు ఆ మాటన్నాక కాదనేదెవరు? చెప్తే తీసెయ్యమంటావని దాచాం."

"చలికాలంలో అడిగాను కదా. అప్పుడైనా చెప్పాల్సింది."

"సమాధి తెరవబోతున్నావు. ముందే తెలిస్తే ఎవరూ చూడకుండా తీయించేస్తావేమో అనుకున్నాను."

"నేనంటే నీకు భయమా? నాకంటే ఆరేళ్లు పెద్దదానివి."

"నాన్న పోయి నువ్వు పెద్దింటివాడివైనప్పటి నుంచీ" అంది.

తవ్వేవాడు అడిగాడు. ఈ గుడ్డ మట్టిలో కలవదు, ఇలాంటివి తీసెయ్యడమే మామూలు, లేకపోతే వంశానికి మంచిది కాదంటారు, ఏం చెయ్యమంటారు అని. నేను బాబాయి వైపు చూశాను. ఆయన కాదంటాడని ఎదురుచూశాను. కట్టుకున్న వరుస అంతా సిద్ధంగా ఉంది. ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టి నా వైపు చూస్తున్నాడు.

"ఉండనివ్వండి" అన్నాను.

"విన్నారుగా, కానివ్వండి" అన్నాడు బాబాయి.

అంతే.  మీ రవికె గౌను మీద పరిచాను. చేతులు కడుక్కునే విప్పాను. నార వేయలేదు. ఎవరూ అడగలేదు. కొత్త చోట పదకొండున్నరకి మట్టి పూర్తయింది.

దిగేటప్పుడు బాబాయి నా భుజం పట్టుకున్నాడు. అడిగాను.

"తొంభై ఆరులో నేను గౌను వేయమని ఉంటే ఏం చేసేవాడివి?"

"గౌనే వేసేవాళ్లం. నాకు నచ్చేది కాదు. ఓ గంట సణిగేవాణ్ణి."

"మరి నార సిద్ధమేనా అని నన్నెందుకు అడిగావు?"

"నిన్ను కాక ఎవర్ని అడుగుతాం? నువ్వు సిద్ధమే అన్నావు. ఇంత చదువుకున్నవాడు ఆచారం పట్టుకున్నాడే అని ఆ రాత్రి మీ పిన్నితో మెచ్చుకున్నాను కూడా."

హ్వాజా ఈ ఇంట్లో ఇరవై రెండేళ్లు ఉంది. ఊళ్లో కుట్టుపని బడి పెడతానని అడిగింది. తద్దినం వంటకి ప్యాంటు వేసుకుంటానంది, వంగి లేవడానికి లంగా అడ్డం పడుతోందని. మిమ్మల్ని చూడటానికి నెలకొకసారి దేగు వెళ్తానంది. ఆ నార ఇక ఎండెయ్యనంది. ప్రతిసారీ నేను ఒకటే చెప్పాను. నాకేమీ అభ్యంతరం లేదు, వాళ్లు ఒప్పుకోరు అన్నాను. ఆ మాట నిజమని నమ్మాను. నన్ను కూడా వాళ్లే కట్టేశారనుకున్నాను.

శనివారం ఆ గోతి చుట్టూ వాళ్లందరూ ఉన్నారు. ఒక్కొక్కరినీ చూశాను. అందరూ నా మొహం వైపే చూస్తున్నారు.

సంగ్‌దొక్